ఎర్రకణం ఆకలి - కులం కంచె

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యం. అందుకోసం 17 రాష్ట్రాలలో, ప్రధానంగా గిరిజన జనాభా అధికంగా ఉన్న జిల్లాలలో, 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలని నిర్ణయించారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. దశాబ్దాల నిర్లక్ష్యం తరువాత అడవి బిడ్డల రక్తం గురించి రాజ్యం ఆలోచించడం స్వాగతించదగినదే. కానీ ‘నిర్మూలన’ అనే మాట దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. నిర్మూలించదలచినది బాధనా? ఆ జన్యువునా? ఆ జన్యువును మోస్తున్న మనుషుల పుట్టుకనా?

విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రం బోధించే వ్యక్తిగా ఎర్ర రక్తకణపు జీవక్రియ నా పాఠ్యాంశం. కులం గురించి మాట్లాడవలసిన ఈ పుటలో దాని ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. సికిల్ సెల్ వ్యాధిలో కణం లోపల జరిగే ఆర్థిక విధ్వంసాన్ని అర్థం చేసుకుంటే, ఆ వ్యాధిగ్రస్తుడికి అన్నిటికంటే ముందు ఏమి కావాలో అర్థమవుతుంది. నీరు, తిండి, విశ్రాంతి, చవకైన నాలుగు మందులు. ఈ దేశంలో ఇవి ఎవరికి ఎంత అందాలో తరతరాలుగా నిర్ణయిస్తున్నది కులమే. కనుక ఈ వ్యాధి గురించిన చర్చ రక్తపరీక్షతో మొదలై గుర్తింపు కార్డుతో ముగిసిపోవడానికి వీల్లేదు.

ముందు కణం సంగతి చూద్దాం. పెద్దవారి శరీరంలో సుమారు 25 లక్షల కోట్ల ఎర్రకణాలు ఉంటాయి. ఎముక మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలను తయారుచేస్తుంది. ప్రతి కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. వాటికి చోటివ్వడం కోసం ఎర్రకణం తన కేంద్రకాన్ని వదులుకుంటుంది, శక్తిని ఉత్పత్తి చేసే మైటోకాండ్రియాను కూడా వదులుకుంటుంది. ఇతర కణాలు ఒక గ్లూకోజ్ అణువును పూర్తిగా దహించి 30 వరకు ఏటీపీ అణువులను సంపాదించుకోగలవు. ఎర్రకణానికి నికరంగా దక్కేవి రెండే. శరీరమంతటికీ ప్రాణవాయువును మోసే ఈ కూలీ దానిలో ఒక్క అణువును కూడా తన శక్తి కోసం వాడుకోలేదు. ఆ రెండు ఏటీపీల రోజుకూలితోనే తన పొరను కాపాడుకోవాలి, లవణాల సమతుల్యతను నిలుపుకోవాలి, తన వ్యాసం కంటే సన్నని కేశనాళికలలో ఒంగి, సాగి, దూరిపోవాలి. ఆరోగ్యవంతుడిలో అది ఇలా 120 రోజులు బతుకుతుంది.

వచ్చే గ్లూకోజ్‌లో కొంత భాగాన్ని అది మరొక దారిలో ఖర్చుచేస్తుంది. ప్రాణవాయువు నిరంతరం తగులుతుంటే ఇనుముకు తుప్పు పట్టినట్టే, ఆక్సీకరణ వల్ల కణపు పొర, హిమోగ్లోబిన్ దెబ్బతింటాయి. ఆ తుప్పును ఎప్పటికప్పుడు వదిలించే గ్లూటాథయోన్ అనే రక్షకాన్ని నిలబెట్టేందుకు ఆ గ్లూకోజ్ పనికివస్తుంది. మూడో ఖర్చు 2,3-డీపీజీ అనే పదార్థం. ఇది హిమోగ్లోబిన్‌కు అంటుకుని, అది పట్టుకున్న ప్రాణవాయువును కండరాలకు, మెదడుకు విడిచిపెట్టేలా చేస్తుంది. దీనిని తయారుచేసే దారి ఒక ఏటీపీ పుట్టే మెట్టును దాటవేస్తుంది. అంటే డీపీజీ ఎక్కువగా కావాలంటే కణం తన కూలిలో కోత భరించాలి.

ఇప్పుడు సికిల్ సెల్‌కు వద్దాం. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరవ స్థానంలో ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఇది అణుస్థాయి వ్యాధి అని నిరూపించింది. 1950ల మధ్యలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ ఒక్క మార్పును గుర్తించాడు. తల్లిదండ్రులలో ఒకరి నుంచి మాత్రమే ఈ జన్యువు వస్తే ఆ వ్యక్తి వాహకుడు, సాధారణంగా ఆరోగ్యంగానే జీవిస్తాడు. ఇద్దరి నుంచీ వస్తే వ్యాధి. అటువంటి హిమోగ్లోబిన్ ప్రాణవాయువును విడిచిన మరుక్షణం ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులుగా పేరుకుంటుంది. మెత్తగా ఉండవలసిన కణం కొడవలిలా వంకరపోయి బిరుసెక్కుతుంది, సన్ననాళాలలో ఇరుక్కుంటుంది. ఎముకల్లో, ఛాతీలో, కడుపులో వచ్చే భరించరాని నొప్పి అక్కడినుంచి పుట్టేదే.

ఇక్కడే జీవక్రియ ఒక విషవలయంగా మారుతుంది. రక్తహీనత ఏర్పడగానే శరీరం దానిని సరిదిద్దుకునే ప్రయత్నంలో డీపీజీని పెంచుతుంది. ఉన్న కొద్దిపాటి హిమోగ్లోబిన్ మరింత ఉదారంగా ప్రాణవాయువును విడవాలని దాని తాపత్రయం. మామూలు రక్తహీనతలో ఇది మేలు చేసే ఏర్పాటే. కానీ సికిల్ హిమోగ్లోబిన్ ప్రాణవాయువును ఎంత తొందరగా విడిస్తే అంత తొందరగా పోగులు కడుతుంది. అంటే రోగాన్ని ఎదుర్కోవడానికి శరీరం చేసే ప్రయత్నమే రోగానికి మేత అవుతుంది. డీపీజీ పెరిగిన కొద్దీ ఏటీపీ తరుగుతుంది. ఏటీపీ తరిగిన కణం తన పొరను సరిచేసుకోలేదు. మరోవైపు ఆక్సీకరణ పోటు పెరిగి రక్షకాల నిల్వ హరించుకుపోతుంది. 120 రోజులు బతకవలసిన కణం 10 నుంచి 20 రోజులలో చితికిపోతుంది.

నీటి సంగతి మరింత ముఖ్యం. వంకరపోయిన కణం పొటాషియంను, దానితోపాటు నీటిని కోల్పోతుంది. నీరు కొద్దిగా తగ్గినా లోపల హిమోగ్లోబిన్ చిక్కబడి పోగులు కట్టే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇదే వ్యాధి మూత్రపిండాలలో మూత్రాన్ని చిక్కబరచే శక్తిని చిన్న వయసులోనే దెబ్బతీస్తుంది. అందువల్ల వ్యాధిగ్రస్తులకు నీరు ఎక్కువగా పోతుంది, ఎక్కువగా తాగాలి, తరచుగా మూత్రానికి వెళ్లాలి. ఎండ, చలి, దప్పిక, అలసట, జ్వరం, వీటిలో ఏది తగిలినా నొప్పి దాడి మొదలుకావచ్చు.

శరీరం మొత్తంగా చెల్లించే మూల్యం కూడా ఉంది. చితికిపోయే కణాల స్థానాన్ని భర్తీ చేయడానికి మూలుగ రాత్రింబవళ్లు పనిచేయాలి, గుండె వేగంగా కొట్టుకోవాలి. సికిల్ సెల్ పిల్లలపై అమెరికాలో జరిగిన అధ్యయనాలలో, ఏ పనీ చేయకుండా పడుకున్నప్పుడు సైతం వారి శరీరం ఖర్చుచేసే శక్తి ఇతర పిల్లలకంటే దాదాపు 15 నుంచి 20 శాతం ఎక్కువని తేలింది. కణాల తయారీకి ఫోలిక్ ఆమ్లం, మాంసకృత్తులు మామూలు కంటే ఎక్కువ కావాలి. ఒక్కమాటలో చెప్పాలంటే ఈ వ్యాధి ఉన్న బిడ్డ కూర్చున్నచోటనే శ్రమిస్తున్నది. ఆ బిడ్డకు పక్కవాడితో సమానంగా పెట్టినా అది సగం కడుపే.

ఈ అవసరాల జాబితాను మన గూడేల మీద, వాడల మీద పెట్టి చూడండి. నడి వేసవిలో తునికాకు సేకరణకు వెళ్లే ఆదివాసీ స్త్రీకి కూలి వచ్చేది కట్టల లెక్కన. ఉపాధి పనిలో తవ్విన మట్టి కొలతను బట్టి కూలి. మిరప కోతలో తూకాన్ని బట్టి. నీడన కూర్చున్న ప్రతి నిమిషం కూలి నష్టమే. నీటి కుండ దూరాన ఉంటుంది. రేషన్ దుకాణం ప్రధానంగా ఇచ్చేది బియ్యం; పప్పు, గుడ్డు, ఆకుకూర ఇంటి తాహతును బట్టి. శరీరం ఎండలో నీరు కోల్పోకూడదని వైద్యం చెబుతుంది, ఎండలో నిలబడితే తప్ప పూట గడవదని బతుకు చెబుతుంది. శ్రమను పుట్టుకను బట్టి పంచి, అందులో కఠినమైన వాటాను దళితులకు, ఆదివాసీలకు, వెనుకబడిన శ్రామిక కులాలకు అప్పగించిన సమాజం మనది. ఏటీపీ కరువైన ఎర్రకణం ఆ వాటాను ఎక్కువకాలం మోయలేదు.

బడి సంగతీ అంతే. సికిల్ సెల్ ఉన్న బాలిక రోజంతా నీళ్లు తాగాలి. కానీ వసతిగృహంలో మరుగుదొడ్లు చాలకపోతే, ఉన్నవాటికి తలుపులు లేకపోతే, ఆమె నీళ్లు తాగడమే మానేస్తుంది. రాత్రిపూట పక్క తడపడం ఈ వ్యాధిలో సాధారణ లక్షణం. దానిని దుష్ప్రవర్తనగా భావించి తోటివారి ముందు నిలబెట్టి అవమానిస్తే ఆ పిల్లవాడు ఇంటికి పారిపోతాడు, రికార్డులో ‘బడి మానేసినవాడు’ అవుతాడు. తరచు నొప్పి, అలసట, పసుపు పచ్చని కళ్లు, వయసుకు తగ్గ ఎదుగుదల లేకపోవడం, ఇవన్నీ వ్యాధి చిహ్నాలు. వీటికి మన సమాజం సిద్ధంగా ఉంచుకున్న పేరు మాత్రం ‘సోమరితనం’. ‘వీళ్లకు చదువు అబ్బదు, పని చేతకాదు’ అనే తీర్పు కింద ఎంతమంది రోగుల నొప్పి పూడిపోయి ఉంటుందో ఆలోచించాలి.

విజ్ఞానశాస్త్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు. కణపు శక్తి వ్యవస్థనే చికిత్సకు లక్ష్యంగా చేసుకునే పరిశోధన గత దశాబ్దంలో ఊపందుకుంది. ఆక్సీకరణ పోటును తగ్గించడానికి ఎల్-గ్లుటమిన్‌ను 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. పైరువేట్ కైనేజ్ అనే ఎంజైమ్‌ను ఉత్తేజపరచి, డీపీజీని తగ్గించి ఏటీపీని పెంచే మిటాపివాట్ అనే మందుకు 2022లో మరొక అరుదైన రక్తవ్యాధిలో అనుమతి లభించింది, సికిల్ సెల్‌లోనూ దానిని పరీక్షించారు. 2023 డిసెంబరులో జన్యు సవరణ చికిత్సకు అక్కడ ఆమోదం దొరికింది. దాని ప్రకటిత ధర ఒక్కో రోగికి 22 లక్షల డాలర్లు. మెరుపులన్నీ నిలవవు కూడా. 2019లో ఆర్భాటంగా వచ్చిన వోక్సెలోటార్ అనే మందును 2024 సెప్టెంబరులో ప్రపంచవ్యాప్తంగా మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నారు.

ఆసిఫాబాద్ జిల్లా గూడెంలోనో పాడేరు కొండల్లోనో ఉన్న రోగికి ఆ 22 లక్షల డాలర్ల వార్త వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ రోగికి పనికివచ్చే పాత మందులు ఎప్పుడో వచ్చాయి. మూడేళ్లలోపు పిల్లలకు క్రమం తప్పకుండా పెన్సిలిన్ ఇస్తే ప్రాణాంతక న్యూమోకోకల్ ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గుతాయని 1986లోనే అమెరికాలో జరిగిన ప్రయోగం చూపింది. హైడ్రాక్సీయూరియా పుట్టుకకు ముందు శిశువులో ఉండే హిమోగ్లోబిన్‌ను తిరిగి పెంచి, కణం వంకరపోవడాన్ని తగ్గిస్తుంది. నొప్పి దాడులను అది గణనీయంగా తగ్గిస్తుందని 1995లో రుజువైంది, 1998లో అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అది ఉంది. మన దేశంలోనే తయారవుతుంది. ఫోలిక్ ఆమ్లం బిళ్ల ధర చెప్పనవసరం లేదు. కావలసిందల్లా ఈ మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ప్రతి నెలా ఉండటం, హైడ్రాక్సీయూరియా వాడుతున్నవారికి అప్పుడప్పుడు రక్తకణాల లెక్క చూడటం, నొప్పితో వచ్చిన మనిషిని నటిస్తున్నాడని అనుమానించకుండా నొప్పి తగ్గించే మందు ఇవ్వడం. ఇది పరిశోధనశాల తీర్చవలసిన కొరత కాదు, సరఫరా, సిబ్బంది, గౌరవం అనే మూడింటి కొరత.

ఇక ముద్ర సంగతి. సికిల్ సెల్‌ను మన అధికారిక భాష ‘గిరిజన వ్యాధి’గా స్థిరపరచింది. ఈ ముద్రకు చరిత్ర ఉంది. 1952లో లేమాన్, కట్‌బుష్ అనే శాస్త్రవేత్తలు నీలగిరుల ఆదివాసులలో ఈ లక్షణాన్ని నివేదించినప్పుడు దానిని ‘వెడ్డాయిడ్’ జాతి మూలాలకు ఆనవాలుగా చదవజూశారు. అంటే రోగి కంటే ముందు జాతి వర్గీకరణ వారి దృష్టిని ఆకర్షించింది. అదే ఏడాది ఎగువ అస్సాం తేయాకు తోటల కూలీలలోనూ ఈ కణాలు కనిపించాయి. వారు మధ్య, తూర్పు భారతం నుంచి తోటలకు తరలించబడిన శ్రామికుల సంతతి. ఆ జన్యువుతో పాటు ఆ శ్రామికుల ప్రయాణ చరిత్ర కూడా బయటపడింది, కానీ పాఠ్యపుస్తకాలలో మిగిలింది ‘గిరిజన లక్షణం’ అన్న మాటే.

వాస్తవానికి ఈ జన్యువు మలేరియాకు జవాబుగా నిలిచినది. వాహకులకు ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. దోమలున్న అడవి అంచున తరతరాలుగా నివసించిన ఎవరిలోనైనా అది నిలవగలదు. అందుకే విదర్భలో మహర్లలో, ఛత్తీస్‌గఢ్‌లో వెనుకబడిన కులాలలో కూడా ఇది గణనీయంగా ఉంది. మన సరిహద్దు జిల్లాలకు ఆవల ఉన్న ఆ ప్రాంతాలతో మనకు పెళ్లి సంబంధాలు, వలసలు, కూలి సంబంధాలు ఉన్నాయి. గోదావరి నది దాటి ఇటు వచ్చిన గుత్తికోయలను తెలంగాణ ప్రభుత్వం షెడ్యూల్డ్ తెగగా గుర్తించదు. ఆ ముద్రనే ప్రాతిపదికగా పెట్టుకున్న కార్యక్రమానికి గుత్తికోయ బిడ్డ ఎవరు? అదే మండలంలోని దళితవాడ బిడ్డ ఎవరు? పరీక్ష పట్టీలో కులం గడి ముందుగా నింపవలసి వస్తే, ఆ గడిలో ఇమడని రోగి చీకటిలోనే మిగిలిపోతాడు.

అమెరికా అనుభవం ఈ విషయంలో మనకు హెచ్చరిక. 1910లో జేమ్స్ హెరిక్ తొలి కేసును ప్రచురించిన నాటి నుంచి అక్కడ దీనిని ‘నల్లవారి రక్తం’గా చూశారు. తమ జాతి బాధను ప్రభుత్వం పట్టించుకోవడం లేదని బ్లాక్ పాంథర్ పార్టీ 1971లో సొంతంగా రక్తపరీక్షల ఉద్యమం నడిపింది. 1972లో నిక్సన్ ప్రభుత్వం చట్టం చేసింది. కానీ అనేక రాష్ట్రాలలో నల్లజాతి వారికే నిర్బంధ పరీక్షలు పెట్టారు. వాహకులకూ రోగులకూ తేడా తెలియని యజమానులు, బీమా సంస్థలు ఆరోగ్యవంతులైన వాహకులను సైతం తిరస్కరించాయి. వాహకులకు వైమానికదళ అకాడమీ తలుపులు 1981 దాకా తెరుచుకోలేదు. చివరకు అక్కడి వైద్యలోకం జాతిని చూసి పరీక్షించే పద్ధతిని వదిలి, పుట్టిన ప్రతి శిశువుకూ పరీక్ష చేయాలని 1987లో సిఫారసు చేసింది. 2006 నాటికి అన్ని రాష్ట్రాలూ దానిని అమలుచేశాయి. ముద్ర కంటే సార్వత్రిక హక్కు మెరుగైన వైద్యమని వారు నేర్చుకోవడానికి ముప్పయి ఏళ్లకు పైగా పట్టింది.

మన మిషన్ పరీక్ష తరువాత జన్యుస్థితి కార్డులు ఇస్తున్నది. వధూవరుల కార్డులను పక్కపక్కన పెట్టి చూస్తే పుట్టబోయే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం తెలుస్తుంది. సమాచారం తెలుసుకోవడం ఎవరికైనా హక్కే. కానీ ఆ కార్డు భారం ఎవరి మీద పడుతుంది? పెళ్లిచూపులలో ప్రశ్నలన్నీ అమ్మాయికే అని మనకు తెలుసు. వాహకురాలైన యువతి పూర్తి ఆరోగ్యవంతురాలు. అయినా ‘రక్తదోషం’ అనే మాట ఆమెను వెంటాడుతుంది. ఏకాంతంగా చెప్పవలసిన ఫలితాన్ని బడిలో, సంతలో, అందరి ఎదుట పేరుపెట్టి పిలిచి చేతిలో పెడితే ఆ కార్డు మరొక అంటరానితనానికి ధ్రువపత్రం అవుతుంది.

అసలు ఇంత చిన్న సమూహాలలో ఇంత వ్యాధి ఎందుకు పోగుపడుతున్నది? దీనికి జన్యుశాస్త్రం ఇచ్చే లెక్క సరళమైనది. ఒక సమూహంలో ఈ జన్యువు వాటా 10 శాతం అనుకుందాం. వారు తమలో తాము మాత్రమే పెళ్లాడితే 10,000 జననాలలో 100 మంది వ్యాధితో పుడతారు. ఇప్పుడు ఆ సమూహం, ఈ జన్యువు లేని మరో 90,000 జననాల సమాజంతో కంచె లేకుండా కలిసిపోయిందనుకుందాం. జన్యువు వాటా మొత్తంమీద 1 శాతానికి పలచబడుతుంది. లక్ష జననాలలో వ్యాధితో పుట్టేవారు 10 మందే. జన్యువులు అవే, మనుషులూ వారే. మధ్యన ఉన్న పెళ్లి గోడ ఒక్కటే పోయింది, వ్యాధి పదోవంతుకు పడిపోయింది. మేనరికాలు విస్తారంగా ఉన్న మన తెలుగు సమాజంలో ఇది సికిల్ సెల్‌కే కాదు, తలసీమియా వంటి ఇతర వంశానుగత వ్యాధులకూ, అన్ని కులాలకూ వర్తించే లెక్క.

1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన వ్యాసంలో అంబేద్కర్ కులానికి ప్రాణం అంతర్వివాహమని తేల్చాడు. 1936లో కులనిర్మూలనపై రాసిన గ్రంథంలో కులం రక్తశుద్ధిని కాపాడుతుందన్న వాదాన్ని తుత్తునియలు చేశాడు. జీవశాస్త్రం ఆ తరువాత ఆయన వాదానికే బలం చేకూర్చింది. రక్తాన్ని ‘శుద్ధి’గా ఉంచడానికి కట్టిన గోడలే రక్తవ్యాధులను పోగుచేస్తాయి. మన ఆరోగ్యశాఖ మాత్రం గోడ జోలికి పోకుండా, గోడ లోపలివారికి ‘ఫలానా వారిని చేసుకోవద్దు’ అని కార్డు ఇస్తున్నది. అప్పటికే చిన్నదైన ఎంపికను మరింత చిన్నది చేస్తున్నది.

దీనిని ఆదివాసీలకు కులాంతర వివాహోపదేశంగా ఎవరూ వక్రీకరించకూడదు. ఏజెన్సీలో గిరిజనేతరుడు ఆదివాసీ స్త్రీని పెళ్లాడి, ఆమె పేరుతో భూమి పట్టా చేయించుకుని, 1/70 చట్టానికి గండికొట్టిన ఉదంతాలు అక్కడి ప్రజలకు కొత్త కాదు. భూమికి, గౌరవానికి భరోసా లేని చోట పెళ్లి గోడ కొన్నిసార్లు వారికి రక్షణ గోడ కూడా. గోడను ముందుగా కట్టినవారు, ఇప్పటికీ కాపలా కాస్తున్నవారు పై మెట్టు కులాలు. పెళ్లి పేరిట పరువు హత్యలు జరుగుతున్న రాష్ట్రాలలో జన్యు కార్డు గురించి మాట్లాడే నైతికార్హత, కులాంతర దంపతులకు రక్షణ కల్పించిన తరువాతే ప్రభుత్వాలకు వస్తుంది.

చట్టం వైపు చూస్తే మరొక కంచె కనిపిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియాలను 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందినవారికి ఉన్నత విద్యలో 5 శాతం సీట్లలో వాటా ఉంది. కానీ ప్రభుత్వోద్యోగాలలోని 4 శాతం రిజర్వేషన్ అర్హుల పట్టికలో రక్తవ్యాధులు లేవు. చదువుకో, ఉద్యోగం మాత్రం అడగకు అన్నట్టుంది ఈ ఏర్పాటు. పైగా వచ్చిపోయే నొప్పిని శాతాలలో కొలవాలంటే ఆసుపత్రి కాగితాలు కావాలి. నొప్పి వచ్చినప్పుడు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని, ఇంట్లో పళ్లు బిగించి భరించినవారి దగ్గర ఆ కాగితాలు ఎక్కడినుంచి వస్తాయి? రిజర్వేషన్ ద్వారా సీటు సంపాదించిన ఆదివాసీ, దళిత విద్యార్థి నొప్పితో తరగతులకు రాలేకపోతే, హాజరు శాతం చాలక పరీక్షకు దూరమైతే, ‘ప్రతిభ లేదు’ అనడానికి నాలుకలు సిద్ధంగా ఉంటాయి.

కొన్ని మంచి అడుగులు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి సికిల్ సెల్, తలసీమియా, తీవ్ర హీమోఫీలియా బాధితులకు నెలకు 10,000 రూపాయల పింఛను ప్రవేశపెట్టింది. ఇతర రాష్ట్రాలకు అది ఆదర్శం కావాలి. హైదరాబాద్‌లో 1998లో బాధిత కుటుంబాల చొరవతో మొదలైన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ రక్తమార్పిడికి ఒక ఆధారంగా నిలిచింది. కానీ భద్రాచలం అవతలి గూడెం నుంచి హైదరాబాద్‌కు ఒక రోజు ప్రయాణం, ఒక రోజు కూలి నష్టం, తోడు వచ్చినవారి కూలి నష్టం. చికిత్స మనిషి దగ్గరకు రావాలి.

అందువల్ల రెండు రాష్ట్ర ప్రభుత్వాల ముందు కొన్ని నిర్దిష్టమైన కోరికలు ఉంచుతున్నాను. వ్యాధి ఉన్న జిల్లాలలో పుట్టిన ప్రతి శిశువుకూ, కులం గడి చూడకుండా, రక్తపరీక్ష చేయాలి. వ్యాధి తేలిన ప్రతి బిడ్డకూ పెన్సిలిన్, టీకాలు, ఫోలిక్ ఆమ్లం, వైద్యుడి సలహాపై హైడ్రాక్సీయూరియా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందాలి. ఎన్ని కార్డులు పంచారన్నది కాదు, ఎంతమంది రోగులు ఏడాది పొడవునా మందు మానకుండా వాడగలిగారన్నది మిషన్ విజయానికి కొలబద్ద కావాలి. ఆ లెక్కను జిల్లాలవారీగా బహిరంగపరచాలి. బాధిత కుటుంబాలకు రేషన్‌లో పప్పు, నూనె, గుడ్లు అదనంగా ఇవ్వాలి. ఉపాధి పనులలో వారికి కొలతతో నిమిత్తం లేని రోజుకూలి, నీడ, నీరు హక్కుగా ఇవ్వాలి. ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ వసతిగృహాలలో నీటి సీసా, మరుగుదొడ్డికి వెళ్లే అనుమతి, చలికాలంలో దుప్పటి, వేడినీళ్లు ఉపకారాలుగా కాక వైద్య అవసరాలుగా నియమాలలో రాయాలి. విద్యాసంస్థలు హాజరు మినహాయింపు ఇవ్వాలి. ఉద్యోగ రిజర్వేషన్లలో రక్తవ్యాధులను చేర్చేలా కేంద్రంపై ఒత్తిడి తేవాలి. జన్యు ఫలితం వ్యక్తిగత రహస్యమని చట్టబద్ధంగా ప్రకటించాలి.

వీటిలో ఏదీ 22 లక్షల డాలర్ల వ్యవహారం కాదు. కణపు శక్తిని పెంచే మందులు రేపు చవకగా వస్తే తప్పక తెచ్చుకుందాం, వాటి ప్రయోగాలలో మన రోగులకు గౌరవప్రదమైన భాగస్వామ్యాన్ని అడుగుదాం. కానీ ఆ మందు మింగడానికి సైతం ఒక గ్లాసు మంచినీళ్లు, ముందుగా ఒక ముద్ద అన్నం కావాలి. 2047 దాకా ఆగనవసరం లేని పనులివి. వచ్చే బడ్జెట్‌లో కేటాయింపు, వచ్చే వేసవిలోగా మందుల సరఫరా, వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యే నాటికి వసతిగృహాల నియమాలు. ఈ మూడింటికి తేదీలు ప్రకటించమని మన శాసనసభ్యులను, మన సంక్షేమ శాఖలను అడగడం ఈ పుట చదివే మనందరి బాధ్యత.